కోఠీ రెసిడెన్సీ: ఇంటి చరిత్ర వ్రాయు విధము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పుదురు. రెండును కష్టసాధ్యములే. అయితే పెండ్లికి శుభలేఖ యైనను మిగులును. ఇంటికి అదియును మిగులదు. ఎవరు కట్టించిరి, ఎవరు కట్టిరి, ఏ గది ఎప్పుడు చేర్చిరి, ఏ ద్వారమును ఎందుకు మూసిరి అను సంగతులు రెండు తరములు గడచునప్పటికి కట్టించినవారి మనుమలకే తెలియకుండ పోవును. ఇక ఆ యింటిని గూర్చి మిగులునది కట్టుకథ. కట్టుకథకు ఖర్చు లేదు, సాక్ష్యముతో పని లేదు. కనుక అది త్వరగా వ్యాపించును.

మా బాన్సువాడ ప్రాంతము నుండి హైదరాబాదునకు పోయివచ్చినవారు కోఠీలోని పూర్వపు రెసిడెన్సీ భవనమును గూర్చి ప్రస్తావించునపుడు, “అది అమెరికా అధ్యక్షుని శ్వేతభవనమునకు నకలు” అని చెప్పుట కలదు. చెప్పువారు విద్యావంతులే, పుస్తకములలోను ఈ పోలిక కనబడును. మాట నిజమా? నిజమైనచో దానిని తెలిసికొను మార్గమేమి? కాదన్నచో కాదనుటకు ఆధారమేమి? ఈ చిన్న ప్రశ్న వెంట పోయినచో ఒక భవనమును శాస్త్రీయముగ వ్రాసి యుంచుట వలన ఎంత చరిత్ర బయటపడునో మనకు బోధపడును. కనుక ముందు అమెరికా వారు తమ పాత యిండ్లను ఎట్లు వ్రాసికొనిరో చూచి, పిమ్మట కోఠీకి వత్తము. చివరకు మన యూరికి మరలుదము.

1933వ సంవత్సరమున అమెరికాలో ఆర్థికమాంద్యము తీవ్రముగ నుండెను. ఇండ్లు కట్టించువారు లేక, నక్షలు వ్రాయు శిల్పులు పనిలేక కూర్చుండిరి. అప్పుడు జాతీయోద్యానముల శాఖలో పనిచేయుచుండిన చార్లెస్ పీటర్సన్ అను శిల్పి ఒక సలహా చెప్పెను. కొత్త యిండ్లకు నక్షలు వ్రాయు పని లేనపుడు ఈ నిపుణులచేత పాత యిండ్లకు నక్షలు వ్రాయింపవచ్చును గదా యని. ఆ విధముగ ‘హిస్టారిక్ అమెరికన్ బిల్డింగ్స్ సర్వే’ అను సంస్థ పుట్టెను. కొలత పట్టీలు, గీతపలకలు పట్టుకొని వారు వలసకాలపు ఇండ్లను, చర్చిలను, మరలను, వంతెనలను కొలిచిరి, ఛాయాచిత్రములు తీసిరి, చరిత్ర వ్రాసిరి. ఆ పటములను కాంగ్రెసు గ్రంథాలయమున భద్రపరచి, ఎవరైనను చూచుకొనుటకు వీలు కల్పించిరి.

వారు వ్రాయు పటములు ముఖ్యముగ మూడు విధములు. మొదటిది నేలపటము: ఇంటి గోడలను కిటికీల యెత్తున అడ్డముగ కోసి, పైనుండి చూచినట్లు గీయునది. రెండవది ముఖపటము: ఇంటి యెదుట నిలిచి చూచినపుడు కనబడు రూపము. మూడవది కోతపటము: పనసపండును నిలువున కోసినట్లు ఇంటిని కోసి, నేల మొదలు కప్పు వరకు లోపలి నిర్మాణమును చూపునది. ఈ మూడింటిని ఒకే కొలమానముపై గీసినచో, ఇల్లు నేలమట్టమైన పిమ్మటను దానిని మనస్సులో మరల నిలుపవచ్చును.

దీని ప్రయోజనమునకు ఒక నిదర్శనము. మసాచుసెట్సు రాష్ట్రమున డెడ్‌హాము అను ఊరిలో ఫెయిర్‌బ్యాంక్సు వారి ఇల్లు కలదు. ఉత్తర అమెరికాలో ఇంగ్లీషు వలసవారు కట్టి, నేటికిని నిలిచియున్న కొయ్య చట్రపు టిండ్లలో ఇదియే మిక్కిలి పాతది. ఇంటివారి ఐతిహ్యము దీనిని 1636 నాటిదని చెప్పుచుండెను. నిపుణులు దాని దూలములలోని వార్షిక వలయములను పరీక్షించి, ఆ మ్రాకులను నరికినది 1637 మొదలు 1641 వరకు గల కాలమని నిర్ణయించిరి. ఐతిహ్యము కొంచెమే తప్పినది. అయినను అది ఎంత తప్పినదో చెప్పగల సాక్షి దూలమే యయ్యెను. నేలపటమును చూడగా మరియొక సంగతి తెలియును. నడుమ పెద్ద పొగగొట్టము, దానికి ఇరువైపుల రెండు గదులు – ఇది మొదటి యిల్లు. వెనుకవైపు దించిన వాలుకప్పు, ప్రక్కల చేర్చిన రెక్కలు తరువాతి తరములవి. ఒకే కుటుంబము ఎనిమిది తరములు ఆ యింట కాపురముండెను; కుటుంబము పెరిగిన కొలది ఇల్లును పెరిగెను. ఆ యిల్లు రాజులది కాదు, రైతులది. రైతు ఇంటిని కూడ కొలిచి వ్రాయదగిన వస్తువుగ ఎంచుట ఇందు గమనింపదగిన విషయము.

ఇక కోఠీకి వత్తము.

1798వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన నిజాము అలీఖానునకును ఈస్టిండియా కంపెనీకిని సైన్యసహకార సంధి జరిగెను. హైదరాబాదులోని ఫ్రెంచి పటాలములను ఆ యేడే నిరాయుధములను గావించిరి. ఈ రాజకార్యమును నడపినవాడు జేమ్స్ అకిలీస్ కిర్కుపాట్రిక్కు అను రెసిడెంటు. అతడే మూసీనది ఉత్తరపు గట్టున సుమారు 60 ఎకరముల తోటలో కొత్త భవనమును తలపెట్టెను. నక్ష వ్రాసినవాడు మద్రాసు ఇంజినీరుల దళమునకు చెందిన లెఫ్టినెంటు శామ్యూల్ రస్సెల్. పని 1803లో మొదలయ్యెను. ఖర్చు నిజాము ఖజానాది. 1811 మొదలు 1820 వరకు ఇచ్చట రెసిడెంటుగ నుండిన హెన్రీ రస్సెల్ వేరొకడు. ఇంటిపేరు ఒకటగుటచేత ఇరువురిని ఒకరిగ భావింపరాదు.

ఈ స్థలము లభించిన విధమును గూర్చి జాన్ మాల్కం ఒక కథ వ్రాసెను. కిర్కుపాట్రిక్కు ఆ స్థలమును కొలిపించి, పెద్ద కాగితముపై పటము గీయించి దర్బారులో చూపగా, నిజాము మొగము చిట్లించి కాదనెనట. దివాను మీర్ ఆలం పిమ్మట రెసిడెంటును కలిసికొని, “ప్రభువు తన రాజ్యపు పటములను కూడ ఇంత పెద్దవిగ చూచి యుండలేదు, అంత పటము చూచి బెదరినాడు, చిన్నదిగ గీయించి తెండు” అని ఉపాయము చెప్పెనట. అదే స్థలమును చిన్న చీటీపై గీయించి చూపినంతనే నిజాము సంతోషముతో ఒప్పుకొనెనట. 

ఇంగ్లీషువారు ఈ కథ చెప్పుకొని నవ్వుకొనిరి. మనము నవ్వుటకు ముందు కొంచెమాగి ఆలోచింపవలెను. పటము చిన్నదైనంత మాత్రమున భూమి చిన్నదగునా? ఆ తోట చుట్టును రెసిడెన్సీ బజారులు వెలసెను. అచ్చట చెల్లినది నిజాము శాసనము కాదు, రెసిడెంటు శాసనము. రాజధాని నడిబొడ్డున ఒక చిన్న పరరాజ్యము ఏర్పడెను. ఆ బజారులు మరల నిజాము ప్రభుత్వము చేతికి వచ్చుటకు 1933వ సంవత్సరము రావలసి వచ్చెను. కథ యథార్థమైనచో, ముసలి నిజామునకు పెద్ద పటమును చూచి కలిగిన భయమే సరియైనది. చిన్న పటమును చూచి కలిగిన సంతోషమే పొరపాటు. కొలమానము తెలియక పటము చూచుట ఎంత ప్రమాదకరమో ఇంతకంటె చక్కగ చెప్పు కథ వేరొకటి లేదు.

భవనము ఉత్తరాభిముఖము. ముందు విశాలమైన మెట్ల వరుస. మెట్లకు ఇరుప్రక్కల సింహములు. మెట్లెక్కినంతనే ఆరు మహాస్తంభములు. ఆకుల గుత్తులను చెక్కిన శిరస్సులు గల ఇట్టి కంబములను పాశ్చాత్యులు కొరింథియను స్తంభము లందురు. కంబములపై త్రికోణాకారపు ఫలకము. అందు కంపెనీవారి బిరుదు చిహ్నము. లోపల ఎత్తైన దర్బారు శాల, స్తంభముల వరుసలు, పెద్ద అద్దములు, దీపగుచ్ఛములు. ముఖమంతయు ఐరోపా దేశమునకు చెందినది. శ్వేతభవనపు చిత్రమును చూచినవానికి దీనిని చూడగనే పోలిక తట్టుట సహజమే.

ఈ పోలికను తేదీలతో పరీక్షింతము. వాషింగ్టను నగరమున శ్వేతభవనమునకు పునాదిరాయి వేసినది 1792 అక్టోబరు 13. నక్ష ఐర్లండు దేశస్థుడైన జేమ్స్ హోబన్‌ది. అధ్యక్షుడు జాన్ ఆడమ్సు అందు ప్రవేశించినది 1800 నవంబరు. 1814 ఆగస్టులో ఇంగ్లీషు సైన్యము దానిని తగులబెట్టగా, గోడలు నిలుపుకొని తిరిగి కట్టిరి. నేడు మన మెరిగిన రూపములో ముఖ్యములైనవి దాని రెండు స్తంభమండపములు. అందు దక్షిణ మండపమును కట్టినది 1824లో. ఉత్తర మండపమును కట్టినది 1829, 1830 సంవత్సరములలో. కోఠీలోని ఆరు కంబములు లేచునాటికి వాషింగ్టనులో ఆ మండపములే లేవు. లేనిదానికి నకలు కట్టుట ఎట్లు సాధ్యము? తేదీలు ప్రక్కప్రక్కన పెట్టినంతనే నకలు కథ నిలువలేకపోయినది.

మరి పోలిక ఎక్కడిది? ఒక తల్లి కడుపున పుట్టినవారికి పోలికలుండుట వింత కాదు. పదునారవ శతాబ్దమున ఇటలీ దేశములో పల్లాడియో అను శిల్పి యుండెను. అతడు ప్రాచీన రోమను దేవాలయముల కంబములను, త్రికోణ ఫలకములను ధనవంతుల ఇండ్ల ముఖములకు చేర్చెను. తన పద్ధతిని పటములతో సహా 1570లో గ్రంథముగ ప్రకటించెను. ఆ గ్రంథము ఇంగ్లండు, ఐర్లండు, అమెరికాల శిల్పులకు పాఠ్యపుస్తక మయ్యెను. హోబన్‌కు ఆదర్శము డబ్లినులోని లీన్‌స్టరు భవనము. కలకత్తాలో వెలస్లీ ప్రభువు 1799 మొదలు 1803 వరకు కట్టించిన గవర్నమెంటు హౌసునకు ఆదర్శము ఇంగ్లండులోని కెడిల్‌స్టన్ హాలు. రస్సెల్‌ది ఆ కుదురే. కోఠీ భవనమునకు దగ్గరి చుట్టము కలకత్తాలో నున్నది. వాషింగ్టనులోనిది దూరపు చుట్టము. నిజము కట్టుకథకంటె పెద్దది. ఒక ఇటలీ శిల్పి గీసిన పటములు రెండు శతాబ్దముల పిమ్మట మూసీ గట్టునను, పోటోమాకు గట్టునను ఇంచుమించు ఒకే కాలమున కంబములను నిలిపినవి. అచ్చట స్వతంత్రులైనవారు తమ అధ్యక్షునికి, ఇచ్చట స్వాతంత్ర్యము హరించువారు తమ ప్రతినిధికి ఒకే రకపు ముఖము గల ఇల్లు కట్టుకొనిరి. శిల్పరీతికి తనంతట నీతి లేదు. దానిని వాడుకొనువానిదే నీతి.

ముఖము విదేశీయమైనను పదార్థము స్వదేశీయము. మద్రాసు ఇంజినీరులు చలువరాయి దొరకనిచోట ఇటుకతో కట్టి, సున్నపు పూతను అద్దమువలె మెరుగుపెట్టి చలువరాతి భ్రమను కల్పించుట ఎరిగినవారు. ఈ విద్య వారికి ఇంగ్లండు నుండి వచ్చినది కాదు. గానుగలో ఇసుక, సున్నము నూరుట, బెల్లపు నీరు, కరక్కాయ రసము చేర్చుట, పూతపై పూతగ పెట్టి నున్నని రాతితో రుద్దుట మన పనివారు తరతరములుగ ఎరిగిన విద్య. పల్లాడియో గీత, తాపీ మన మేస్త్రీది.

ఆ మేస్త్రీల పేర్లు చరిత్రకెక్కలేదు. రెసిడెంటు పేరు నిలిచినది. లెఫ్టినెంటు పేరు నిలిచినది. నిజాము పేరు నిలిచినది. రాళ్లు కొట్టిన వడ్డెరలు, ఇటుకలు మోసిన కూలి స్త్రీలు, సున్నము నూరినవారు ఎవరో చెప్పు ఫలకము లేదు. ఖజానా నింపిన రైతు పేరును లేదు. ఈ విషయమున అమెరికావారి పత్రములను మనము గమనింపవలెను. శ్వేతభవనము కట్టునపుడు బానిసలను యజమానుల వద్దనుండి అద్దెకు తెచ్చి పనిచేయించిరి. ఆనాటి జీతపు పట్టీలు నేటికిని కలవు. 1790 దశకమునాటి వడ్రంగుల పట్టీలలో పీటరు, బెన్, హ్యారీ, డేనియలు అను బానిసల పేర్లు కనబడును. మొదటి మువ్వురికి యజమాని ఎవరనుకొన్నారు? నక్ష వ్రాసిన హోబన్ గారే. చెమట పీటరుది, కూలి హోబన్‌ది. ఎవరో గుమాస్తా లెక్కకొరకు వ్రాసికొన్న ఆ నాలుగు పేర్లు, రెండు వందల యేండ్ల తరువాత ఒక జాతి తన ముఖమును తాను చూచుకొను అద్దమైనవి. జీతపు పట్టీని పారవేయకుండుట కూడ చరిత్ర రచనయే.

కోఠీ తోటలో ముఖ్య భవనమునకు ఎడముగ ఒక అంతఃపురముండెను. దానికి రంగ్‌మహల్ అని పేరు. కిర్కుపాట్రిక్కు హైదరాబాదు ప్రభువంశమునకు చెందిన ఖైరున్నీసా బేగమును వివాహమాడి, ఆమె కొరకు దానిని కట్టించెను. పనులు మొదలైన రెండేండ్లకే, 1805 అక్టోబరు 15వ తేదీన, అతడు కలకత్తాలో మరణించెను. వారి బిడ్డ లిరువురిని ఆ యేడే ఇంగ్లండునకు పంపివేసిరి. ఖైరున్నీసా 1813లో మరణించెను. రంగ్‌మహల్‌ను పిమ్మటి కాలపు ఇంగ్లీషువారు పడగొట్టిరి. తమలో నొకడు ముసల్మాను కన్యను పెండ్లియాడి ఆమె ఆచారములను మన్నించిన కాలపు గుర్తు పిమ్మటివారికి రుచించియుండదు. అయినను ఆ తోటలో ముఖ్య భవనపు చిన్న నమూనా యొకటి ఇటుక సున్నములతో కట్టినది నిలిచియున్నది. పరదాలోని బేగము భవనపు ముఖభాగమును చూచుటకు వీలులేక పోగా, ఆమె కొరకు దీనిని కట్టించిరని ఐతిహ్యము. ఐతిహ్యము మాట యెట్లున్నను, తన భర్త కట్టించు మేడను బొమ్మగ మాత్రమే చూడగల స్త్రీ యుండెనని లోకము నమ్ముటకు వీలైన కాలమది. ఆ నమూనా ఎత్తును కొలుచువాడు పరదా యెత్తును కూడ కొలుచుచున్నాడు.

ఆ తరువాతి చరిత్ర గోడలమీదనే యున్నది. 1857 జూలై 17వ తేదీన తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను జనసమూహముతో రెసిడెన్సీపై దాడి చేసిరి. దాడి విఫల మయ్యెను. తుర్రేబాజ్‌ఖాను 1859లో తూప్రాను సమీపమున హతుడయ్యెను. మౌల్వీని అండమానునకు పంపిరి. అటుపిమ్మట రెసిడెన్సీ ప్రహరీని బలపరచి బురుజులు కట్టిరి. మొదట తోట చుట్టు గోడగ నుండినది కోటగోడ యయ్యెను. గోడ మందము పాలకుని భయమునకు కొలత.

ఆ గోడల బయటనే మన భాషకు సంబంధించిన మరియొక చరిత్ర నడచెను. 1901 సెప్టెంబరు 1వ తేదీన కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారల పూనికతో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమయ్యెను. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసెను. తెలుగు చదువుటకు దిక్కులేని నిజాము రాజ్యమున ఆ నగరభాగము తెలుగునకు ఊపిరి యిచ్చెను.

స్వాతంత్ర్యానంతరము భవనము చేతులు మారెను. 1924లో స్థాపితమైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఈ భవనములోనికి వచ్చెను. కంపెనీ దర్బారు జరిగిన శాలలో బాలికల పాఠములు మొదలయ్యెను. కాలక్రమమున కప్పు కారెను, పూతలు రాలెను. 2002లో ప్రపంచ స్మారక నిధి అను సంస్థ దీనిని ప్రమాదములోనున్న కట్టడముల పట్టికలో చేర్చెను. పిమ్మట కొలతలు తీసి, పటములు గీసి, సున్నపు పనివారిని రప్పించి, సంవత్సరముల తరబడి మరమ్మతులు నడపిరి. కొలత లేనిదే మరమ్మతు లేదు. ఏది మొదటిది, ఏది తరువాత చేర్చినది తెలియనివాని మరమ్మతు కూల్చివేతలో సగము. 2022లో ఆ కళాశాల మహిళా విశ్వవిద్యాలయ మయ్యెను. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. పాలకుర్తిలో తన కౌలు పొలపు పంటను దొర పాలు కానీయనని నిలిచి పోరాడిన రజక స్త్రీ ఆమె. ఆమె 1985లో మరణించినది. రెసిడెంటు కొరకు లేచిన కంబముల క్రింద నేడు ఆ పేరు నిలిచినది. ఈ భవనము వ్రాతలో ముఖద్వారపు వెడల్పు ఎంత యని వ్రాసి, ఆ ద్వారమున ఏ కాలమున ఎవరు ప్రవేశించిరో వ్రాయకున్నచో, చరిత్రలో ముఖ్యభాగమే వదలినట్లగును.

ఇదంతయు హైదరాబాదు మాట. మన యూరి సంగతి యేమని చదువరులు అడుగవచ్చును. మన కామారెడ్డి జిల్లాలోనే దోమకొండ కోటను వారసులు శ్రద్ధతో బాగుచేయించగా, దానికి 2022లో యునెస్కో వారి ఆసియా పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పురస్కారములలో ఒకటి లభించినది. దారి దూరమైనది కాదని దీనివలన తేలుచున్నది. అయితే కోటలకు వారసులు కలరు. సామాన్యుల పాత యిండ్లకు ఎవరు కలరు? నడిమింట ఆకాశమునకు తెరచియుండు భవంతి యిండ్లు, మట్టిగోడల పెంకుటిండ్లు, ఊరి నడుమ గడీలు, నిజాంసాగరు నిర్మాణకాలమైన 1923–1931 నాటి బంగళాలు – వీనిలో ఎన్నో రోడ్ల వెడల్పునకును, సిమెంటు స్లాబులకును చోటిచ్చి పోయినవి. పోవుచున్న ప్రతి యింటిని నిలుపుట సాధ్యము కాదు. నిలుపవలెనని మేము కోరుటయు లేదు. గాలి చొరని చీకటిగదిలో ఆడువారిని వంట చేయుమనుట వారసత్వ రక్షణ కాదు. ఇల్లు పోవచ్చును, ఇంటి వ్రాత పోరాదు.

ఈ పనికి పెద్ద విద్య అక్కరలేదు. ఒక కొలత పట్టీ, గళ్ల కాగితము, పెన్సిలు, నిదానము చాలును. ఒక గదిని కొలుచునపుడు నాలుగు ప్రక్కలతో బాటు రెండు కర్ణములను కూడ కొలువవలెను. కర్ణములు సమానము కాకున్నచో గది మూలలు వంకర యని తెలియును. ప్రతి ద్వారము వద్ద గోడ మందమును వ్రాయవలెను. ఇంటి లోపలి గోడ యొకటి బయటి గోడంత మందముగ నున్నచో, అది ఒకప్పుడు బయటి గోడయే. దానికి ఆవలి గదులు తరువాత చేర్చినవి. కప్పును పరీక్షింపవలెను. మంగుళూరు పెంకును బాసెలు మిషనువారు మొదట తయారుచేసినది 1865లో. కనుక ఆ పెంకు కప్పిన ఇల్లు అంతకు పూర్వపుదైనచో కప్పు తరువాత మార్చినదే. ఆ పెంకులపై 1865 అని అచ్చు కనబడినచో తొందరపడి ఇంటికి ఆ వయస్సు కట్టరాదు. అది కార్ఖానా పుట్టిన సంవత్సరము, పెంకు కాల్చిన సంవత్సరము కాదు. 

కొలత ముగిసిన పిమ్మట ఇంటి పెద్దలను, ముఖ్యముగ ముసలమ్మలను, అడుగవలెను. పురుషులు ఇల్లు ఎవరు కట్టించిరో చెప్పుదురు. స్త్రీలు ఇంటిలో ఎవరెక్కడ బ్రదికిరో చెప్పుదురు. పురుటి గది ఏది? విధవయైన మేనత్త పండుకొనిన మూల ఏది? కోడలు ఏ గడప దాటి వీధిలోనికి రాకూడదు? పాలేరు ఎచ్చట కూర్చుండి తినెను? ఊరి వెలుపలి వాడలవారు ఎంతవరకు రావచ్చును, ఏ గోడ యవతల నిలిచి కేక వేయవలెను? గడీ యైనచో వెట్టివారు ప్రవేశించు ద్వార మేది? ఈ ప్రశ్నలకు వచ్చు సమాధానములను నేలపటముపై గుర్తించినచో ఆ పటము మన సంఘపు పటమగును. సురవరము ప్రతాపరెడ్డిగారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను 1949లో ప్రకటించి, రాజుల యుద్ధములకంటె ప్రజల కూడు గుడ్డలు, ఇల్లు వాకిళ్లు చరిత్రకు ముఖ్యములని మనకు చూపిరి. ఆ మార్గమున ప్రతి యింటివారును ఒక పుట వ్రాయవచ్చును.

ఇట్టి వ్రాత వలన కొందరికి సంకోచము కలుగవచ్చును. తాతగారి కీర్తి వ్రాయుడన్న సంతోషింతురు. తాతగారి దొడ్డివాకిలి మాట వ్రాయుడన్న వెనుకాడుదురు. శ్వేతభవనపు జీతపు పట్టీ నలుగురు బానిసల పేర్లు బయటపెట్టినంత మాత్రమున ఆ భవనము కూలలేదు. నిజమును మోయలేని గోడ లేదు. మోయలేనిది మన మనస్సే.

కనుక మా మనవి యిది. ఈ వేసవి సెలవులలో మీ యింటి పిల్లలచేత మీ పాత యింటి నేలపటమును గీయింపుడు. ప్రతి గదికి కొలత, పేరు వ్రాయింపుడు. కప్పు వేసిన వడ్రంగి పేరు, గోడ పెట్టిన మేస్త్రీ పేరు తెలిసిన వృద్ధు లుండగనే అడిగి వ్రాసి యుంచుడు. పటము మూలలో కొలమానమును గీయుట మరువకుడు. రెండు ప్రతులు తీసి, ఒకటి ఇంటిలోను, ఒకటి ఊరి గ్రంథాలయములోను పెట్టుడు.